‘చెల్లెలి వరస’ అని నేను రాసిన వీలునామా

ముప్పై నాలుగేళ్ళు నేను కాగితాల మీద “నేను” అని రాస్తూ బతికాను. ఆ “నేను” ఒక్కసారి కూడా నేను కాదు. పొలం అమ్ముకునే రైతు, కూతురికి ఇల్లు రాసిచ్చే తల్లి, అన్నదమ్ములతో భాగం పంచుకునే వ్యాపారి, వీళ్ళందరి తరఫున “నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా” అని రాసేవాణ్ణి. మొదట ఉదయగిరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు, తర్వాత ఆత్మకూరు ఆఫీసు ముందు. ప్రభుత్వం దృష్టిలో దస్తావేజు లేఖరిని. జనం నోట్లో రైటరుని. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక పని మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి నమూనాలు అడుగుతుంటారు. వీలునామా నమూనా ఉంటే పంపండి సార్, పేర్లు మార్చుకుంటాం అంటారు. పంపుతాను. పంపిన ప్రతిసారీ నాకు ఒక కాగితం గుర్తొస్తుంది. ఒక్క కొట్టివేత లేకుండా, చక్కటి దస్తూరీతో, చాలా తెలివిగా రాశాననుకున్న కాగితం. నా వృత్తి జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు కూడా అదే. ఆ సంగతి మీకు చెప్పాలి. సిగ్గుపడుతూ చెబుతున్నాననుకోకండి. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గు కంటే కృతజ్ఞతే ఎక్కువ కలుగుతుంది.

ఆత్మకూరులో సోమశిల పోయే రోడ్డు మీద ఒక మోటారు వైండింగ్ షాపు ఉంది. బోరు మోటారు కాలిపోతే అందులో రాగి తీగ కొత్తగా చుట్టి ఇచ్చే షాపు. దాన్ని నడిపింది ఒక ఆడమనిషి. తండ్రి దగ్గర పని నేర్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి తాను బతికుండగానే షాపునీ, పైన ఉన్న ఇంటినీ ఆమె పేరున, జలదంకి వైపు ఉన్న పొలాన్ని ఆమె తమ్ముడి పేరున రిజిస్టరు చేయించాడు. ఎండాకాలంలో ఆ షాపు ముందు మోటార్లు వరసగా పడి ఉండేవి. నిమ్మతోటల రైతులు వాటి పక్కనే గొంతుక్కూర్చుని ఆమెను బతిమాలుకునేవాళ్ళు. ఆమె ఎవరినీ మెప్పించేలా మాట్లాడేది కాదు. సాయంత్రానికి ఇస్తానంటే సాయంత్రానికి ఇచ్చేది. ఊరంతా ఆమెను వైండింగ్ అక్క అనేది.

ఆమెతో పాటు పై ఇంట్లో ఒక నర్సు ఉండేది. కలువాయి వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. ఒకసారి ఆ ఆరోగ్య కేంద్రంలో నీళ్ళ మోటారు కాలిపోతే విప్పుకుని పోవడానికి వైండింగ్ అక్క వెళ్ళిందట. కాన్పు గదికి నీళ్ళు లేవని నర్సు ఆమె మీద కేకలేసిందట. అక్క ఆ రోజే మోటారు చుట్టి, తనే మోపెడ్ మీద కట్టుకుని తెచ్చి బిగించిందట. పరిచయం అలా మొదలైంది. కొన్ని నెలల తర్వాత నర్సు తన పెట్టె తెచ్చుకుని పై ఇంట్లో చేరింది. ఊళ్ళో అందరూ వాళ్ళను స్నేహితులనేవాళ్ళు. అంతకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు కూడా ఆ మాటే అనేవాళ్ళు.

ఒకరోజు ఇద్దరూ కలిసి నా దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ వీలునామాలు కావాలన్నారు. అక్క పోతే ఆమెది నర్సుకు, నర్సు పోతే ఆమెది అక్కకు. అప్పటికి అక్క వయసు నలభై మూడు. నేను మామూలుగా అడిగేవన్నీ అడిగాను. తండ్రి పేరు, వయసు, ఇంటి హద్దులు. తర్వాత, ఈయమ్మ మీకేమవుతుంది అని అడిగాను.

వైండింగ్ అక్క నా కళ్ళలోకి చూసి చెప్పింది.

“కాపురం చేస్తుండాం రైటరన్నా, పన్నెండేళ్ళ నుంచి. ఆ మాటే రాయండి. రేపు నేను లేకుంటే ఆమెను ఎవరూ ఇంట్లో నుంచి బయటికి పొమ్మనకూడదు. నాకు కావాల్సింది అంతే.”

నేను కలం కింద పెట్టాను. అది ఇలాంటి సంబంధం నేరమనే పాత 377 సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టెయ్యక ముందు కాలం. అలాంటి మాట రిజిస్టరు కాగితం మీద రాస్తే ఏమవుతుందో నాకు తెలియదు. సబ్ రిజిస్ట్రారు వెనక్కి పంపుతాడేమో, వరండాలో కూర్చున్న పదిమందీ వింటారేమో, పోలీసు స్టేషన్ దాకా పోతుందేమో, ఈ రైటరు ఇలాంటివి రాస్తాడని నాకు పేరొస్తుందేమో అని భయపడ్డాను. నాకొదిలెయ్యండమ్మా, ఎవరికీ ఇబ్బంది లేకుండా రాస్తానన్నాను.

అలాగే రాశాను. నర్సును వైండింగ్ అక్కకు “దూరపు బంధువు, చెల్లెలి వరస” చేశాను. ఇల్లు ఆమెకెందుకు ఇస్తున్నదో కారణం ఉండాలి కదా. ఉదయగిరిలో ముసలివాళ్ళ వీలునామాల్లో వాడే వాక్యం ఒకటి చేతికొచ్చింది. “నా వృద్ధాప్యమందు, అనారోగ్యమందు నాకు సపర్యలు చేయుచున్నందున” అని రాశాను. ఐదు హార్స్ పవర్ మోటారును ఒంటిచేత్తో దొర్లించే మనిషి గురించి రాశానా మాట. నర్సు వీలునామాలోనూ అదే విధంగా “అక్క వరస” అన్నాను.

చదివి వినిపిస్తుంటే వైండింగ్ అక్క నన్ను ఆపింది.

“చెల్లెలు అని రాయబాకన్నా. ఏమీ రాయకుంటే పోయె.”

నేను ఆమెకు నచ్చజెప్పాను. ఏమీ రాయకపోతే పరాయి మనిషికి ఎందుకిస్తున్నావని అడుగుతారని, ఇది కాగితం కోసమేనని, మీ ఇద్దరి మధ్యా ఏముందో కాగితానికి అక్కర్లేదని చెప్పాను. పెద్దమనిషిలా చెప్పాను. నర్సు, పోనీలే, పని జరగాల కదా అంది. అక్క కలం తీసుకుని సంతకం పెట్టింది. రెండు వీలునామాలూ పక్కపక్క నంబర్లతో రిజిస్టరయ్యాయి. అప్పటి సబ్ రిజిస్ట్రారు ఆ వాక్యం దగ్గర కాస్త ఆగి, నా వైపు చూసి, బాగా రాశావయ్యా అన్నాడు. నేను పొంగిపోయాను.

సాక్షుల్లో ఒకాయన మా పక్కన జిరాక్స్ షాపు నడిపే మనిషి. రెండో ఆయన నా గురువు. ఉదయగిరిలో నాకు పని నేర్పిన ముసలాయన. కలం ఎలా పట్టుకోవాలో, హద్దులు ఏ వైపు నుంచి రాయాలో, చదువు రానివాళ్ళకు కాగితం ఎంత నెమ్మదిగా చదివి వినిపించాలో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజు ఏదో పని మీద ఆత్మకూరు వచ్చి ఉంటే సాక్షి సంతకానికి కూర్చోబెట్టాను. అక్క నన్ను ఆపడం ఆయన విన్నాడు. సాయంత్రం ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉండగా అన్నాడు.

“నువ్వు రాసింది ఆయమ్మ మాట గాదురా. నీ మాట. మనకు కాగితమిచ్చేది వాళ్ళ మాట రాయమని.”

నేను నవ్వేశాను. మీకు లోకం తెలీదు గురువుగారూ అన్నాను కూడా. ఆయన బస్సెక్కి కూర్చుని కిటికీలోంచి చూశాడే గాని మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. రెండేళ్ళకు ఆయన పోయాడు.

కొన్నేళ్ళకు సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ వార్త టీ బంకు దగ్గర పేపర్లో చదివాను. చదవగానే నాకు గుర్తొచ్చింది వాళ్ళిద్దరే. ఆ పూటే పోయి, అమ్మా, ఆ కాగితాలు మార్చుకుందాం రండి, మీరు చెప్పిన మాటే రాస్తానని చెప్పి ఉండాల్సింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాను. వైండింగ్ షాపు ముందు నుంచి రోజూ పోయేవాణ్ణి. ఆమె చెయ్యి ఊపేది, నేనూ ఊపేవాణ్ణి. పెళ్ళి కాగితం ఉన్నవాళ్ళకు భర్త పోతే భార్యకు, భార్య పోతే భర్తకు ఏం రావాలో చట్టమే చూసుకుంటుంది. ఇలాంటి జంటలకు చట్టం ఇప్పటికీ ఆ దారి తెరవలేదు. వాళ్ళకున్నది కాగితం ఒక్కటే. ఆ కాగితం బలంగా ఉండాలని మిగతా ఎవరికీ తెలియకపోయినా నాకు తెలియాలి. తెలిసి కూడా చెయ్యి ఊపుతూ పోయాను.

యాభై ఆరో ఏట ఒకరోజు పొద్దున వైండింగ్ అక్క షాపులోనే పడిపోయింది. గుండెపోటు. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ కాగితాల మీద సంతకం పెట్టమంటే నర్సు నేను రాసిన వీలునామాలో ఉన్నట్లే “చెల్లెలు” అని రాసి సంతకం పెట్టింది. తమ్ముడు వచ్చి ఆ కాగితం చూసి, మా నాయనకు ఈమె ఎప్పుడు పుట్టిందని వరండాలో అందరి ముందూ అడిగాడట. మూడో రోజు అక్క పోయింది.

నెల తిరక్కముందే నర్సు మున్సిపల్ ఆఫీసులో ఇంటి పన్ను తన పేరుకు మార్చమని వీలునామా జతచేసి అర్జీ పెట్టింది. తమ్ముడు అభ్యంతరం చెప్పాడు. కోర్టులో తేల్చుకోమని ఆఫీసువాళ్ళు చేతులు దులుపుకున్నారు. తమ్ముడు ఆత్మకూరు కోర్టులో దావా వేశాడు. అక్కకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, తల్లిదండ్రులు లేరు కాబట్టి వారసుణ్ణి నేనేనని, ఆ వీలునామా మోసంతో పుట్టించిందని దావాలో రాయించాడు. అందుకు అతని ప్లీడరు చూపించిన కారణాలు రెండు. అక్క కులం వేరు, నర్సు కులం వేరు, మరి చెల్లెలి వరస ఎలా అయింది? నలభై మూడేళ్ళకు వృద్ధాప్యం ఏమిటి? కాగితంలోనే రెండు అబద్ధాలుంటే ఆ కాగితాన్ని నమ్మేదెలా?

ఆ రెండూ నావే.

నర్సు తరఫు ప్లీడరు మంచివాడు, అనుభవం ఉన్నవాడు. వీలునామా నిలబడాలంటే సాక్షుల్లో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి. మా గురువు లేడు కాబట్టి జిరాక్స్ షాపాయన వస్తాడు. రాసినవాడిగా నేనూ చెప్పాలి. మమ్మల్ని తన ఆఫీసుకు పిలిచి, మా తరఫున ప్రమాణ పత్రాలు టైపు చేయించి పెట్టాడు. నా దాంట్లో, చెల్లెలి వరస అని ఆమె చెప్పినట్లే రాశానని ఉంది. నర్సు దాంట్లో, మేం అక్కాచెల్లెళ్ళలా మెలిగినామని, ఆ ఉద్దేశంతోనే ఆ మాట పడిందని ఉంది. ప్లీడరు దారి అది. సొంత చెల్లెలు కాదు, ప్రేమ కొద్దీ అలా అనుకున్నారు అని తప్పించుకోవచ్చన్నాడు.

సంతకం పెట్టబోయాను. కలం మూత తీశాను కూడా. ఎందుకో మా గురువు బస్సు కిటికీలోంచి చూసిన చూపు గుర్తొచ్చింది. నేను కలం మూత పెట్టేసి, ఇది నేను పెట్టలేనండీ, ఆమె ఆ మాట చెప్పలేదు, వద్దని నన్ను ఆపింది, నేనే రాశాను అన్నాను. ప్లీడరు నన్ను తినేసేలా చూశాడు. ఆ మాట కోర్టులో చెబితే, మరి ఆమె ఏం చెప్పిందని అడుగుతారు. ఏం చెప్పిందో చెప్పాలి. అప్పుడు ఈ నర్సమ్మ రేపు డ్యూటీకి ఏ ముఖంతో పోతుంది అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. నేను చేసిన తప్పును దిద్దుకోవడానికి ఆమె బతుకును బజారులో పెట్టే హక్కు నాకు లేదు. నేను నర్సు వైపు తిరిగి, మీరెట్టా అంటే అట్టాగే అన్నాను. ఆమె వద్దంటే ఆ ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టి ఉండేవాణ్ణో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె తన ముందున్న ప్రమాణ పత్రాన్ని ప్లీడరు వైపు జరిపింది. తర్వాత నెమ్మదిగా మాట్లాడింది.

“బయట ఇరవై ఐదేళ్ళు అక్కా అనే పిలిచినాను సార్. ఇంట్లో ఒక్కనాడు పిలవలా. ఆసుపత్రిలో కూడా చెల్లెలు అనే రాసినాను. ఆమె కళ్ళు తెరిచి ఉంటే తిట్టి ఉండును. ఇంక రాయలేను. రైటరన్నా, మీరు జరిగింది చెప్పండి. నేను కూడా చెప్తాను. మీరేం భయపడబాకండి.”

నన్ను భయపడవద్దని ఆమె చెప్పింది. నష్టపోయేది ఆమె, ధైర్యం చెప్పేది ఆమె. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ప్లీడరు టైపిస్టును పిలిచి, రెండు ప్రమాణ పత్రాలూ మళ్ళీ కొట్టించాడు. ఈసారి అందులో ఉన్నది జరిగిందే. ఆ కాగితాలు కొడుతూ టైపిస్టు ఒకచోట ఆగి నర్సు వైపు చూసింది. తర్వాత లేచి ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

కోర్టులో ఆ రోజు పెద్దగా జనం లేరు. అయినా నాకు ఊరంతా అక్కడే ఉన్నట్లనిపించింది. జడ్జి చిన్న వయసు అమ్మాయి. తమ్ముడు ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదట నర్సు బోనెక్కింది. అవతలి ప్లీడరు ఆమె ప్రమాణ పత్రం చేతిలో పట్టుకుని, కాపురం అని రాసినారే, ఇద్దరు ఆడవాళ్ళ కాపురం అంటే ఏందమ్మా, కోర్టుకు అర్థమయ్యేటట్లు చెప్పు అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. జడ్జి తలెత్తి అటు చూస్తే నవ్వు ఆగిపోయింది.

నర్సు అతని వైపు తిరిగి చెప్పింది.

“నాకు నైట్ డ్యూటీ పడితే ఆమె పొద్దున నేనొచ్చిందాకా కాఫీ తాగేది కాదు. ఆమెకు జ్వరమొస్తే నేను సెలవు పెట్టేదాన్ని. కోపమొస్తే రెండ్రోజులు మాట్లాడుకునే వాళ్ళం కాదు, మూడో రోజు ఎవరో ఒకరు దిగొచ్చేవాళ్ళం. మీ ఇంట్లో మీరెట్టుంటారో మేము అట్నే ఉన్నాం సార్.”

అవతలి ప్లీడరు ఆస్తి మీదికి పోయాడు. ఇంటి కోసమే ఆమెతో చేరావు కదా అన్నాడు. నర్సు తన సంచిలోంచి తన వీలునామా తీసి చూపించింది. అదే రోజు, పక్క నంబరుతో, తన ఊళ్ళో తనకున్న ఇంటినీ తన పేరున ఉన్న మిగతావాటినీ వైండింగ్ అక్కకు రాసిచ్చిన కాగితం. నేను ముందు పోయి ఉంటే ఇదంతా ఆమెదే సార్, ఈ కాగితం నేను ఇంకా మార్చలా అంది. జడ్జి ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

జిరాక్స్ షాపాయన తన సంతకం, అక్క సంతకం గుర్తుపట్టి, తన కళ్ళ ముందే పెట్టిందని చెప్పి దిగిపోయాడు. తర్వాత నేను. ముప్పై ఏళ్ళకు పైగా ఎన్నో కేసుల్లో రైటరుగా సాక్ష్యం చెప్పినవాణ్ణే. ఆ రోజు మాత్రం నా తప్పు మీద నేనే చెప్పడానికి బోనెక్కాను.

అవతలి ప్లీడరు సూటిగా వచ్చాడు. చెల్లెలి వరస అన్నావే, తల్లి వైపా, తండ్రి వైపా అని అడిగాడు. ఏ వైపూ కాదండీ, అది నేను కల్పించిందని చెప్పాను. అంటే అబద్ధమా అన్నాడు. అబద్ధమేనన్నాను. వృద్ధాప్యం? అదీ అబద్ధమే, నాదే. మరి రెండు అబద్ధాలు రాసినవాడివి, మిగతాది నిజమని ఎట్లా నమ్మాలి అన్నాడు. దానికి నా దగ్గర ఒక్కటే జవాబు. ఇల్లు ఎవరికివ్వాలన్నది ఆమె మాట, ఎందుకన్నది కూడా ఆమె చెప్పింది, ఆ ఎందుకన్న మాటను నేను మార్చాను అన్నాను. ఏం చెప్పింది అన్నాడు. ఆ రోజు ఆమె నా కళ్ళలోకి చూసి చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. కాపురం చేస్తుండాం రైటరన్నా, పన్నెండేళ్ళ నుంచి, ఆ మాటే రాయండి అని.

అప్పుడు జడ్జి స్వయంగా అడిగింది.

“ఆమె అంత స్పష్టంగా చెబితే మీరెందుకు మార్చారు?”

“భయమండీ,” అన్నాను. “ఆమెకు కాదు. నాకు.”

జడ్జి తలవంచుకుని రాసుకుంది. నేను బోను దిగుతుంటే తమ్ముడు నా వైపు కాకుండా నర్సు వైపు చూస్తున్నాడు. ఆ చూపులో కోపం ఉందో ఇంకేముందో నాకు తెలియలేదు.

మర్నాడు బుధవారం. ఆరోగ్య కేంద్రంలో పిల్లలకు టీకాలు వేసే రోజు. కోర్టు సంగతి తనకంటే ముందే బస్సులో కలువాయి చేరి ఉంటుందని నర్సుకు తెలుసు. తల్లులు తన చేతికి పిల్లల్నిస్తారో లేదోనని అనుకుంటూనే పోయి కూర్చుందట. మొదట వచ్చిన అవ్వ మనవణ్ణి ఆమె ఒళ్ళో పడేసి, పోయిన వారం నువ్వు రాలా, ఇంకోయమ్మ సూది గట్టిగా గుచ్చి పోయింది, వీడు రాత్రంతా ఏడ్చినాడు, ఇంకోసారి సెలవు పెట్టబాక అని దెబ్బలాడిందట. ఆ సంగతి చెబుతూ నర్సు నవ్వుతూ ఏడ్చింది. ముఖం తిప్పుకున్నవాళ్ళు లేకపోలేదు. ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆ అవ్వ లాంటివాళ్ళు ఎక్కువ ఉన్నారు.

తీర్పు నర్సుకు అనుకూలంగా వచ్చింది. వీలునామాలోని అనుమానాలు రైటరు తప్పు వల్ల వచ్చాయే గాని రాయించిన మనిషి ఉద్దేశంలో అనుమానం లేదని జడ్జి రాసింది. తీర్పులో నా పేరు పక్కన ఆ మాట ఉంది. మా వృత్తిలో తప్పులు మామూలుగా రాసినవాడు పోయాక బయటపడతాయి. అప్పుడు అడగడానికి అతను ఉండడు, ఎవరి ఇల్లో పోయి ఉంటుంది. నా తప్పు నేను బతికుండగా బయటపడింది. దాన్ని నా నోటితోనే దిద్దుకునే వీలు దొరికింది. అందుకు నేను ముగ్గురికి రుణపడ్డాను. ఆ రోజు బస్సు దగ్గర నన్ను తప్పుబట్టిన గురువుకు, తన కేసు పోవచ్చని తెలిసీ కాగితం మళ్ళీ కొట్టించిన ప్లీడరుకు, నిజం చెప్పమని నాకు సెలవిచ్చిన నర్సుకు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలూ, మీలో ఎవరి దగ్గరికైనా అలాంటి జంట వస్తే నేను చేసినట్లు చెయ్యకండి. వాళ్ళు చెప్పిన కారణం చెప్పినట్లు రాయండి. అది రాయడానికి ఇప్పుడు ఏ చట్టమూ అడ్డు కాదు. సాక్షులుగా వాళ్ళను ఎరిగినవాళ్ళను, వాళ్ళకంటే చిన్నవాళ్ళను పెట్టండి. బ్యాంకులో నామినీ పేరు రాసుకున్నాం, అది చాలదా అంటే చాలదని చెప్పండి. ఆసుపత్రిలో ఎవరు సంతకం పెట్టాలో కూడా ఒక కాగితం రాసుకోమని చెప్పండి. మోటారు చుట్టేదానికి ఎన్ని చుట్లో లెక్క తెలుసుకున్నట్లు, ఈ నాలుగూ తెలుసుకుంటే చాలు.

పై కోర్టుకు పోవడానికి తమ్ముడికి గడువు ఉంది. పోతాడనే అనుకున్నాం. ఆ గడువులోనే ఒకరోజు అతను నా దగ్గరికి వచ్చాడు. అప్పీలు కోసం నకళ్ళు అడుగుతాడనుకుని కుర్చీ వేశాను. అతను కూర్చుని కాసేపు మోకాళ్ళు నిమురుకున్నాడు.

“నువ్వు బోనెక్కి చెప్పిన మాట మాయక్క నిజంగా చెప్పిందా?”

చెప్పిందన్నాను.

“నాకెప్పుడూ చెప్పలా. ఇరవై ఐదేళ్ళు. పండక్కి పోతే అన్నం పెట్టేది, చీర పెట్టి పంపేది నా భార్యకు. ఆ మాట మాత్రం చెప్పలా.”

చెప్పి ఉంటే ఏం చేసేవాడివి అని అడిగాను. ఊరికే అడగలేదు. నేనూ ఆ మాట వినగానే కలం కింద పెట్టినవాణ్ణే. అతను ఆలోచించాడు. నాకు నచ్చే జవాబు కోసం చూడలేదు.

“కొట్టి ఉందును. ఆ వయసులో కొట్టి ఉందును. అది తెలిసే చెప్పలేదేమో,” అన్నాడు.

అప్పీలు వెయ్యనని చెప్పి లేచాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, వచ్చే నెలలో అక్క ఆబ్దికం వస్తుందని, తన ఊళ్ళో తాను ఏటా పెడుతున్నా షాపు దగ్గర నర్సు కూడా పెడుతుందని విన్నానని, తాను అక్కడికి పోవచ్చో లేదో కనుక్కోమని అడిగాడు. నేను ఆ సాయంత్రమే పోయి నర్సును అడిగాను. ఆమె స్టూలు మీద కూర్చుంది. కింద షాపులో ఇద్దరు ఆడపిల్లలు పని చేస్తున్నారు. అక్క బతికుండగా పని నేర్పినవాళ్ళు. వాళ్ళు చుట్టిన మోటారు ఆడుతున్న శబ్దం పైదాకా వస్తోంది. ఇద్దరూ ఒకచోటే పెడితే ఆమె కూడా ఒకచోటే అన్నం తినొచ్చు కదన్నా, రమ్మనండి అంది నర్సు.

ఆబ్దికం రోజు నన్నూ పిలిచారు. జిరాక్స్ షాపాయన వచ్చాడు, ప్లీడరు వచ్చాడు, నిమ్మతోటల రైతులు కొందరు వచ్చారు. తమ్ముడు భార్యతో వచ్చి, పనులన్నీ పద్ధతిగా చేశాడు. చేస్తున్నంతసేపూ నర్సును ఏమని పిలవాలో తెలియక తిప్పలు పడ్డాడు. నీళ్ళు కావలిస్తే భార్యను అడిగాడు. ఆకులు ఎక్కడున్నాయో నన్ను అడిగాడు. ఆమె ఎదురుగానే ఉన్నా గాల్లోకి చూసి మాట్లాడాడు. ఆమె కూడా అలాగే గాల్లోకి జవాబు చెప్పింది.

భోజనాలకు కూర్చున్నాం. నర్సు వడ్డిస్తోంది. అతని ఆకు దగ్గరికి వచ్చేసరికి చారు గిన్నె ఖాళీ అయింది. ఆమె లోపలికి పోయి మళ్ళీ నింపుకుని వస్తుంటే, అతను ఆకు వైపే చూస్తూ మామూలుగా అన్నాడు.

“వదినా, నాకు ఇంకొంచెం పొయ్యండి.”

పక్కన ఉన్న అతని భార్య తినడం ఆపింది. నర్సు వంగి అతనికి చారు పోసింది. పోసి, వేడిగా ఉండాది, చూసుకుని తిను అంది.